రాదనడం కన్నా ఇష్టం లేదనడమే నయమనుకునే పిల్లలు

ప్రశ్న: విశాఖపట్నం పాత పోస్టాఫీసు ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను మూడేళ్లుగా ఇంగ్లీషు బోధిస్తున్నాను. ఈ ఏడాది నాకు అప్పగించిన తొమ్మిదో తరగతిలో 46 మంది పిల్లలున్నారు. వారిలో సగం మందికి పాఠం మీద ధ్యాసే ఉండదు. వెనక బెంచీల్లోని పదిమంది పుస్తకమైనా తీయరు. వారికి నాయకుడిలాంటి పిల్లవాడు ఒకడు, చేపల రేవు దగ్గరి నుంచి వస్తాడు, "నేను మా నాన్నతో బోటెక్కుతాను టీచర్, నాకు ఇంగ్లీషెందుకు?" అని అందరి ముందూ అడిగాడు. ఇంటర్నెట్లో చూసి ఆటలు ఆడించాను, రెండు రోజులు నవ్వి మూడో రోజు మామూలైపోయారు. తరగతిలో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా పెట్టమని, చదవని వారిని పీరియడంతా నిలబెట్టమని తోటి ఉపాధ్యాయులు సలహా ఇస్తున్నారు. ఏం చేయమంటారు? పైగా సిలబస్ ఎలా పూర్తవుతుంది?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపినది జరిమానా సంగతి కాదు, ఆ పిల్లవాడి ప్రశ్న. అతను అడిగినదాన్ని మీరు ధిక్కారంగా తీసుకున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు అది మరోలా వినిపించింది. పద్నాలుగేళ్ల పిల్లవాడు నలభై మంది తోటివారి ముందు "నాకు రాదు" అని ఒప్పుకోవడం కన్నా "నాకు అక్కర్లేదు" అనడంలోనే పరువు దక్కుతుందని చాలా ముందే నేర్చుకుని ఉంటాడు. మనం నిరాసక్తత అని పేరు పెట్టేదానిలో ఎక్కువ భాగం, నా అనుభవంలో, ఓటమిని కప్పుకున్న దుప్పటి. దుప్పటిని లాగాలని చూస్తే వాళ్లు దాన్ని మరింత గట్టిగా పట్టుకుంటారు. అందుకే మీ ఆటలు మూడో రోజుకు చల్లారాయి. ఆట బాగాలేక కాదు, ఆట అయ్యాక తెరవవలసిన పుస్తకం అక్కడే ఉంది, దాన్ని చదవడం వారికి అప్పటికీ రాదు.

కాబట్టి మొదట తెలుసుకోవలసింది, ఎవరికి ఎంత వచ్చు అన్నది. యూనిట్ టెస్టు మార్కులు ఈ సంగతి చెప్పవు, ఎందుకంటే గైడులో ఉన్నది బట్టీ పట్టి రాసినవాడికీ పక్కవాడిది చూసి రాసినవాడికీ మార్కులు ఒకేలా పడతాయి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతటా చేస్తున్న 'అసర్' సర్వేలో ఇంగ్లీషు చదవడాన్ని పరీక్షించేందుకు ఒక్క కాగితం వాడతారు. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న చిన్న మాటలు, తేలికైన వాక్యాలు, అంతే ఉంటాయి. అలాంటి కాగితం మీరే తయారు చేసుకుని, మిగిలినవారు ఏదో రాసుకుంటూ ఉండగా రోజుకు అయిదుగురిని మీ బల్ల దగ్గరకు పిలిచి, ఇతరులకు వినపడకుండా చదివించండి. రెండు వారాల్లో తరగతి మొత్తం అయిపోతుంది. ఫలితం చూశాక మీకు కోపం పోతుందని నా నమ్మకం. తొమ్మిదో తరగతి పుస్తకంలోని పేరా ముందు కూర్చోబెట్టిన పిల్లవాడు, చిన్న 'బి'కీ చిన్న 'డి'కీ తేడా పట్టలేకపోవడం మీరు కళ్లారా చూస్తారు. అతన్ని ఆ పేరా మీద ఆసక్తి చూపమనడం, ఈత రానివాడిని కెరటాల అందాన్ని మెచ్చుకోమనడం లాంటిది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పేరు చెప్పనక్కర్లేని ఒక బడిలో, ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు 'ఐలాండ్' అనే మాటను 'ఇస్లాండ్' అని చదివాడు. నేను నవ్వాను. నేను నవ్వాను కాబట్టి తరగతంతా నవ్వింది. ఆ ఏడాది ఆఖరు వరకూ ఆ పిల్లవాడు నా పీరియడ్లో మళ్లీ నోరు విప్పలేదు. చాలా ఏళ్ల తరువాత ఆ మాట పుట్టుక చదివితే తెలిసింది, ప్రాచీన ఇంగ్లీషులో ఆ మాటకు 'ఎస్' అక్షరమే లేదు. లాటిన్ నుంచి వచ్చిన 'ఐల్' అనే మరో మాటతో దీనికి చుట్టరికం ఉందని పొరబడి, పదహారో శతాబ్ది ప్రాంతంలో చదువుకున్నవారు మధ్యలో 'ఎస్' ఇరికించారు. అంటే తప్పు చేసింది పండితులు, రాసినదాన్ని రాసినట్టు చదివింది మా పిల్లవాడు. ఆ సంగతి అతనికి చెప్పే అవకాశం నాకు మళ్లీ రాలేదు.

ఈ ఒక్క మాటలోనే తెలుగు పిల్లల కష్టం చాలావరకు ఉంది. మన లిపిలో రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం. ఇంగ్లీషులో 26 అక్షరాలు సుమారు 44 ధ్వనులను మోయాలి. 'సి' అనే అక్షరం 'క్యాట్'లో క్ అవుతుంది, 'సిటీ'లో స్ అవుతుంది, పక్కన 'హెచ్' చేరితే చ్ అవుతుంది. 'డబ్ల్యూ' అనే పేరులో ఆ అక్షరం పలికే ధ్వనే లేదు. అక్షరాల పేర్లు మాత్రమే నేర్చుకుని తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లవాడికి 'సి, ఏ, టి' కలిపితే 'క్యాట్' ఎలా అయిందో నేటికీ మాయగానే ఉంటుంది. మనకు దీనికి తగిన సాధనం ఒకటుంది, దాన్ని ఇంగ్లీషు ఉపాధ్యాయులు ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. అవి పొల్లు అక్షరాలు. 'బ' కాదు 'బ్', 'ట' కాదు 'ట్' అని తెలుగు పొల్లులతో ధ్వనులు చెప్పండి. అచ్చు లేని హల్లును వినడం తెలుగు చదివిన ప్రతి పిల్లవాడికీ వచ్చు. అడుగు స్థాయిలో ఉన్న పది పన్నెండు మందికి రోజుకు పది నిమిషాల చొప్పున ఆరు వారాలు ఇదొక్కటే చేయండి, అదీ చిన్నపిల్లల పాటలతో కాదు. మీసాలు మొలుస్తున్న పిల్లలకు 'ఎ ఫర్ యాపిల్' బొమ్మలు చూపిస్తే అవమానంగా ఉంటుంది. వాళ్లకు ముందే తెలిసిన మాటలు తీసుకోండి: నెట్, బోట్, ఐస్, డీజిల్, ఇంజన్, పోర్ట్, క్రేన్, లైట్‌హౌస్. చేపల రేవులో పెరిగిన పిల్లవాడికి ఇవన్నీ తెలుగు మాటలే. పలకడం వచ్చిన మాటను కాగితం మీద గుర్తుపట్టడం, అసలు తెలియని మాటను చదవడం కన్నా ఎన్నో రెట్లు సులువు.

ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకునే అలవాటు మీ పిల్లలకూ ఉండే ఉంటుంది. ఒక్కసారిగా నిషేధించకండి, కానీ కింద కాకుండా ఎదుటి పేజీలో రాయించండి. కిందనే ఉంటే కన్ను తెలుగు మీదే నిలుస్తుంది, ఇంగ్లీషు అక్షరం అలంకారంగా మిగిలిపోతుంది.

జరిమానా విషయం ఒక్క మాటలో చెబుతాను: వద్దు. తెలుగు మాట్లాడితే రూపాయి అన్న నియమం పెడితే పిల్లలు ఇంగ్లీషు మాట్లాడరు, మాట్లాడటమే మానేస్తారు. పీరియడంతా నిలబెట్టడం అంతకన్నా చెడ్డది. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయినా చట్టం మాట అలా ఉంచండి, నిలబడ్డ పిల్లవాడికి అది శిక్ష కూడా కాదు, వెనక బెంచీ వీరుడికి అది పట్టాభిషేకం. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లలకు వచ్చిన భాషలను తరగతిలో అడ్డంకిగా కాక వనరుగా చూడమంది. స్టీఫెన్ క్రాషెన్ అనే భాషావేత్త 1980ల మొదట్లో చెప్పిన మాట కూడా ఇదే దారిలోది. భయం, సిగ్గు ఎక్కువైనప్పుడు మనసుకు ఒక తెర అడ్డుపడుతుందనీ, వినిపించిన భాష ఆ తెర దాటి లోపలికి పోదనీ ఆయన వాదం. ఆయన సిద్ధాంతంలో మిగిలిన భాగాలపై చాలామందికి పేచీ ఉంది కానీ, ఈ భాగాన్ని ప్రతి బడి వెనక బెంచీలోనూ చూడవచ్చు.

సిగ్గును తగ్గించడానికి మీ ఊరి పేరే మీకు అక్కరకు వస్తుంది. విశాఖపట్నం అనడానికి నోరు తిరక్క ఇంగ్లీషువాళ్లు 'వైజాగపటం' అన్నారు, దాని ముక్కే ఇవాళ మనం ముద్దుగా పిలుచుకునే 'వైజాగ్'. వాల్తేరును 'వాల్టేర్' చేసి దస్తావేజులకు ఎక్కించారు. వాళ్లు మన మాటలను ఇంత వంకరగా పలికి కూడా సిగ్గుపడకుండా బోర్డులు రాసుకున్నారని, మీరు 'ఇస్కూలు' అన్నంత మాత్రాన తల దించుకోనక్కర్లేదని పిల్లలకు చెప్పండి. మాట మొదట్లో 'స్క', 'స్ట' లాంటివి వస్తే ముందు 'ఇ' చేర్చడం, చివర అచ్చు చేర్చి 'బస్సు', 'కారు' అనడం తెలుగు నాలుకకు సహజమైన పనులు. వాటిని సరిదిద్దవచ్చు, వెక్కిరించకూడదు. సరిదిద్దడంలో కూడా ఒక పద్ధతి ఉంది. పిల్లవాడు మాట్లాడుతుండగా మధ్యలో ఆపకండి. అతను ముగించాక అదే మాటను మీరు సరిగా పలికి సంభాషణ కొనసాగించండి. వారానికి ఒక్క రకం తప్పునే పట్టించుకోండి. ఎర్ర సిరాతో నిండిన నోటుబుక్కు చూసి నేర్చుకున్నవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

వాక్య నిర్మాణం దగ్గర మీకు నచ్చే పని ఒకటి చెబుతాను. అయిదుగురు పిల్లలకు ఒక్కొక్క కాగితం ఇచ్చి తరగతి ముందు వరుసగా నిలబెట్టండి: నేను, నిన్న, బీచ్‌లో, ఐస్‌క్రీమ్, తిన్నాను. ఇప్పుడు 'నేను' కదలకూడదు, మిగిలిన నలుగురూ వెనక నుంచి ముందుకు తిరగబడాలి. నేను, తిన్నాను, ఐస్‌క్రీమ్, బీచ్‌లో, నిన్న. ఇంగ్లీషు వాక్యం ఇదే వరుసలో ఉంటుంది: 'ఐ ఏట్ ఐస్‌క్రీమ్ యట్ ద బీచ్ యెస్టర్‌డే'. 'లో' అనే విభక్తి మాట తోక వదిలి తలకు ఎలా వచ్చిందో కూడా అక్కడే చూపించవచ్చు. ప్రతి వాక్యమూ ఇంత చక్కగా తిరగబడదు కానీ, చిన్న వాక్యాల్లో చాలా వాటికి ఈ సూత్రం సరిపోతుంది. పుస్తకంలో కర్త, కర్మ, క్రియ అని మూడేళ్లుగా విని బుర్రకెక్కని సంగతి, క్రియ కాగితం పట్టుకున్న పిల్లవాడు చివరి నుంచి నడిచి వచ్చి 'నేను' పక్కన నిలబడేసరికి అర్థమవుతుంది. వెనక బెంచీ వాళ్లనే ఈ పనికి పిలవండి, ఇందులో చదవవలసింది ఒక్క మాటే, నడవడం ఎవరికైనా వచ్చు.

అదే విధంగా 'నాకు' అనే మాట మీద ఒక వారం గడపండి. నాకు తెలుసు, నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరంగా ఉంది, నాకు అర్థమైంది. తెలుగులో ఇన్ని చోట్ల 'నాకు' వస్తే, ఇంగ్లీషులో అన్నిటికీ 'ఐ' వస్తుంది. ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పకపోవడం వల్లే డిగ్రీ చదివినవారు కూడా 'ఐ యామ్ అండర్‌స్టుడ్' అంటుంటారు. తెలుగుకు ఒక్క 'కదా' చాలు కాబట్టి అన్ని వాక్యాల చివరా 'ఇజింట్ ఇట్' తగిలించడం కూడా ఇలాంటిదే. తెలుగును తరగతి నుంచి గెంటేస్తే ఈ తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో పిల్లలకు చూపించే దారే ఉండదు. 'ఎ', 'ది' లాంటి ఆర్టికల్స్ మన భాషలో లేవు, వాటి సంగతి ఈ ఏడాదికి వదిలేసినా నష్టం లేదు.

కొంత చదవడం వచ్చిన మధ్య వరుసల పిల్లలకు ఆటల కన్నా పనులు ఇవ్వండి. ఆటలో గెలుపు ఓటములుంటాయి, అందువల్ల ఎప్పుడూ ఓడేవాడు అక్కడా ఓడతాడు. పనిలో తేల్చవలసిన లెక్క ఉంటుంది. ఎన్. ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని మామూలు బళ్లలోనే, మీ తరగతుల్లాంటి కిక్కిరిసిన తరగతుల్లోనే జరిగింది. అక్కడ వ్యాకరణ పాఠాలకు బదులు రైల్వే టైంటేబుళ్లు, పటాలు ఇచ్చి, వాటి ఆధారంగా ప్రశ్నలు తేల్చమనేవారు. మొదట అలాంటి పని ఒకటి ఉపాధ్యాయుడు తరగతి మొత్తంతో కలిసి పైకి ఆలోచిస్తూ చేసేవాడు, తరువాత దాదాపు అలాంటిదే మరొకటి పిల్లలు సొంతంగా చేసేవారు. మీకు అరకు వెళ్లే కిరండూల్ పాసింజరు ఉంది. దాని వేళలు ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, బొర్రా గుహలు చూసి సాయంత్రానికి ఇంటికి చేరాలంటే ఎక్కడ దిగాలి, ఎంతసేపు ఆగవచ్చు, బస్సులో తిరిగి రావడం మేలా అని అడగండి. జవాబు ఒకటి రెండు మాటల్లో వచ్చినా చాలు. మనసు లెక్క మీద ఉన్నప్పుడు నాలుక బిగుసుకోదు.

పాఠ్యపుస్తకం బయట చదవడానికి ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్'లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ స్థాయిల వారీగా కథలు ఉచితంగా దొరుకుతాయి. ముందు తెలుగులో చదివించి, మరునాడు అదే కథను ఇంగ్లీషులో ఇవ్వండి. కథ తెలిసిన ధైర్యంతో తెలియని మాటలను ఊహిస్తారు. ముందు వరుసలోని చురుకైన పిల్లలు ఈలోగా విసుగు చెందుతారని మీరు అనవచ్చు. వారికి వెనకవారిని అప్పగించి చిన్న పంతుళ్లను చేయకండి, ఆ పద్ధతి పైకి బాగుంటుంది కానీ స్నేహాలు చెడగొడుతుంది. వారికి పొడవైన కథలిచ్చి చదువుకోనివ్వండి, చాలు.

ఇక ఆ బోటు పిల్లవాడు. అతని ప్రశ్నకు తరగతిలో జవాబు చెప్పకండి. ఒకరోజు బడి విడిచాక, సముద్రం సంగతులు అతన్నే అడగండి. తెల్లవారుజామున రేవులో పని చేసి బడికి వస్తున్నాడేమో కూడా కనుక్కోండి, అలాంటి పిల్లవాడు మొదటి పీరియడ్లో తూగడాన్ని నిర్లక్ష్యం అనకూడదు. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుందని చెప్పవద్దు, వాళ్ల వీధిలో ఇంగ్లీషు వచ్చీ ఉద్యోగం రానివాళ్లు అతనికి కనిపిస్తూనే ఉంటారు. దానికి బదులు బోటులో ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకుని రమ్మనండి: ఇంజను మీద, జీపీఎస్ తెర మీద, వైర్‌లెస్ సెట్టు మీద, లైఫ్ జాకెట్టు మీద. ఆ మాటల జాబితాతో వారం పాటు పాఠం మీరు చెప్పండి, వస్తువు ఏమిటో అతను చెప్పాలి. మీకు తెలియనిది అతనికి తెలిసిన సందర్భం ఒక్కటైనా తరగతిలో రావాలి. బడి కిటికీలోంచి కనిపించే యారాడ కొండను 'డాల్ఫిన్స్ నోస్' అని ఎందుకన్నారో, ఆ 'స్' ఏం పని చేస్తోందో అతన్నే అడగండి. బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సుర జలాంతర్గామిని 'సబ్‌మెరైన్' అంటాం కదా, 'సబ్' అంటే కింద అని తెలిస్తే 'సబ్‌వే' అర్థం తనే చెబుతాడు.

వాళ్లింటికి ఫోన్ చేయవలసి వస్తే మొదటి ఫోన్ ఫిర్యాదుతో చేయకండి. బడి నుంచి ఫోన్ రాగానే "మా గుంటడు ఏం చేశాడండి?" అని కంగారుపడటం ఆ తల్లిదండ్రులకు అలవాటు. ఈసారి వాడు మంచి పనే చేశాడని చెప్పి పెట్టేయండి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో మరునాడు వాడి నడకలోనే తెలుస్తుంది.

సిలబస్ గురించి నిజం చెప్పాలంటే, ఇదంతా చేస్తే పుస్తకం మొత్తం మీరు పూర్తి చేయలేరు. పూర్తి చేసినా ఆ పిల్లలకు చేరేది ఇప్పటికీ ఏమీ లేదు, రికార్డులో మాత్రమే పూర్తవుతోంది. ప్రతి యూనిట్లో ఒక ప్రధాన పాఠాన్ని క్షుణ్ణంగా చెప్పి, మిగిలినవి చదివి వినిపించి సారాంశం తెలుగులో చెప్పి సాగిపోండి. పదో తరగతిలో గట్టెక్కడానికి కావలసినవి 35 మార్కులు. చదివి అర్థం చేసుకుని పేరా కింది ప్రశ్నలకు జవాబు రాయగలిగిన పిల్లవాడు, ఏమీ అర్థం కాకుండా ఇరవై వ్యాసాలు బట్టీ పట్టిన పిల్లవాడికన్నా ఆ 35కి దగ్గరగా ఉంటాడు. బట్టీని పూర్తిగా తీసిపారేయమని నేను అనను, పద్యాలు కంఠస్థం చేసి పెరిగిన జాతి మనది. బట్టీ పట్టే వాక్యాలు గైడులోవి కాక వాళ్ల సొంత ఇంటి గురించి, వీధి గురించి వాళ్లే తయారు చేసుకున్నవి అయితే చాలు.

ఇది మీరు ఒక్కరే నిర్ణయించుకుని చేస్తే, తనిఖీకి వచ్చినవారు నోటుబుక్కుల్లో ఖాళీలు చూసి మిమ్మల్నే ప్రశ్నిస్తారు. అందుకని ఆ రెండు వారాల పరీక్ష ఫలితాలను ఒక కాగితం మీద, ఎవరు అక్షరాల దగ్గర ఉన్నారు, ఎవరు మాటల దగ్గర, ఎవరు వాక్యాల దగ్గర అని రాసి ముందుగానే ప్రధానోపాధ్యాయులకు చూపించి, ఆరు వారాల తరువాత మళ్లీ పరీక్షిస్తానని తేదీతో సహా చెప్పండి. తొమ్మిదో తరగతిలో ఎంతమంది అక్షరాల దగ్గరే ఆగిపోయారో ఆ కాగితంలో చూశాక, సిలబస్ ఎందుకు వెనకబడిందని మిమ్మల్ని అడగడం ఆయనకూ కష్టమే అవుతుంది.